మందుల దుకాణానికి పిల్లను చూడబోయి

పెళ్లయి ఇద్దరు పిల్లలున్న కాశయ్యకు నేను రెండో పెళ్లి కుదిర్చాను. పట్టపగలు, ఊరివాళ్లు చూస్తుండగా, ఒంటిమీద తెలివి ఉండగానే కుదిర్చాను. పిల్ల ఎవరో కాశయ్యకు తెలియదు. కుదిర్చింది నేనేనని నాకూ తెలియదు.

వెయ్యి అబద్ధాలాడి అయినా ఒక పెళ్లి చేయమన్నారు పెద్దలు. నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. నోరు వాడిన మాట నిజమే. కాని మాట్లాడటానికి వాడినంతసేపూ ఏ ప్రమాదమూ జరగలేదు. తినడానికి వాడాను చూడండి, అక్కడ మునిగింది కొంప. మీరు హాయిగా నవ్వుకోవచ్చు. ఇది రాస్తుంటే పక్కనే కూర్చుని మా ఆవిడ రంగమ్మ ముందే మొదలుపెట్టింది.

ఇదంతా జరిగేనాటికి నాకింకా డెబ్బై నిండలేదు. కుర్రతనం. పైగా చదువుకున్నానన్న పొగరు. బడిలో అయిదో తరగతి దాటలేదు గాని, మిగతా చదువంతా పొట్లాలు కట్టిన కాగితాల మీద సాధించాను. బఠాణీల పొట్లం విప్పి, బఠాణీలు పక్కన పెట్టి కాగితం చదివే మనిషిని. మాత్రల పెట్టెలో మడతలు మడతలుగా కుక్కే కాగితాన్ని భూతద్దం పెట్టి చివరిదాకా చదివినవాడిని మా చుట్టుపక్కల నేనొక్కడినే. అది చదివాక ఆ మాత్ర మింగే ధైర్యం పోతుందనుకోండి, అది వేరే సంగతి. ప్రభుత్వం మీద కూడా నాకు పాత కోపం ఒకటుంది. నేను పుట్టినప్పుడు మాది కర్నూలు జిల్లా. మా ఊరు కదల్లేదు, నేను కదల్లేదు, జిల్లానే మమ్మల్ని వదిలి లేచిపోయింది. చెప్పా పెట్టా లేదు. అంత పెద్ద జిల్లా పోగా లేనిది, మందుల దుకాణం పోతే ఆశ్చర్యమేముంది?

అవును, పోయింది. మార్కాపురం నుంచి కొనకనమిట్ల వైపు వచ్చే దారిలో మా ఊరు. ఊరికంతా ఒక్కటే మందుల దుకాణం, అది కాశయ్యది. నన్ను వరసకు పెదనాయన అంటాడు. దుకాణం అతనిదైనా మందులిచ్చే అర్హత అతనికి లేదు. ఫార్మసీ చదివి, రిజిస్టరు చేయించుకున్న పెద్దమనిషి ఒకాయన ఏళ్ల తరబడి అక్కడ కూర్చుని ఇచ్చేవాడు. ఆయనకు మోకాళ్లు పోయాయి, ఒంగోలు చేరాడు. ఆ వెనకే తనిఖీ అధికారి వచ్చాడు. అర్హత ఉన్న మనిషిని పెట్టుకునేదాకా ఒక్క మాత్ర అమ్మడానికి లేదన్నాడు. దుకాణానికి తాళం పడింది. లోపల మందులు, బయట రోగులు, మధ్యలో తాళం. దాహంతో ఉన్నవాడికి అద్దంలో చెరువు చూపించినట్టు.

రూలును నేను తప్పుపట్టను. తెలియనివాడు మందిస్తే ఏమవుతుందో ఆ కాగితాల్లో కావలసినంత చదివాను. నాకు మండింది, ఆ మనిషిని ఎక్కడ తేవాలో ఎవరూ చెప్పకపోవడానికే. రంగమ్మ బీపీ మాత్ర కోసం బస్సెక్కి మార్కాపురం పోయి రావాలి. ఆ బస్సు కోసం నిలబడి నిలబడి నాకూ బీపీ వచ్చేట్టుంది.

"శ్రావణం లోపల మనిషి దొరక్కపోతే దుకాణం ఎత్తేస్తా పెదనాయనా. మార్కాపురంలో ఎవురి దగ్గరన్నా పనికి కుదురుకుంటా" అన్నాడు కాశయ్య.

"నేనుండంగా దుకాణం ఎత్తేది ఏందిరా? మనిషిని నేను తెస్తా" అన్నాను. "ఈ పొద్దే పోయి తీసుకరా మామా" అని అతని భార్య నన్ను సాగనంపింది.

మార్కాపురమంతా తిరిగాను. అర్హత ఉన్న ప్రతివాడూ అప్పటికే ఒక దుకాణంలో కుర్చీకి అతుక్కుని ఉన్నాడు. గిద్దలూరులో ఒకాయన ఖాళీగా ఉన్నాడంటే అక్కడికీ పోయాను. కుర్చీ వేసి, టీ ఇచ్చి, చల్లగా చెప్పాడు.

"నేను రాలేను పెద్దాయనా. నా సర్టిఫికెట్టు పటం కట్టించి ఇస్తా, గోడకి తగిలించుకోండి. ఎవురన్నా అడిగితే, ఇప్పుడే టీ తాగను పోయినాడని చెప్పండి."

"ఎన్నేండ్లు తాగుతావయ్యా ఆ టీ?"

"అందరూ ఇట్లనే చేస్తారు పెద్దాయనా."

"దేవుడి పటానికైతే టెంకాయ కొడితే ఆలకిస్తాడు. నీ పటానికి మొక్కితే మా రోగాలు పోతాయా? జరం వచ్చినోడు ఆ గోడను నాకాల్నా?"

తాగిన టీ కక్కలేక లేచి వచ్చేశాను.

చివరికి పొదిలిలో ఒక మందుల దుకాణం మనిషి దారి చూపాడు. "హనుమంతునిపాడు పక్క ఒక పల్లెలో కోటయ్య అని ఒకాయన ఉండాడు. ఆయన కూతురు సుభాషిణి ఫార్మసీ చదివి ఇంటికాడనే ఉండాది. అయితే రైతు మనిషి, పిల్లని దుకాణంలో కూర్చోను పంపుతాడో లేదో" అన్నాడు.

అతనన్నది 'పంపుతాడో లేదో'. నా చదువుకున్న బుర్ర దాన్ని 'పంపడు' అని రాసుకుంది. ఇక ఆ క్షణం నుంచి నా తెలివి పని చేయడం మొదలుపెట్టింది. నా జీవితంలో జరిగిన నష్టాలన్నీ అది పని చేసినప్పుడే జరిగాయి.

"నేరుగా పని మాట ఎత్తను" అని రంగమ్మకు వివరించాను. "ముందు కాశయ్య గుణం చెప్తా. ఊరు ఎట్లాంటిదో చెప్తా. ఆ తండ్రి మనసు మెత్తబడినాక, నూనెలో వత్తి దించినట్టు మెల్లగా పని సంగతి దించుతా."

"పోయి, మీ పిల్ల పనికొస్తాదా అని అడిగితే పోలా?" అంది రంగమ్మ.

"నీకు లోకం తెలీదు."

"అట్లనే. వట్టి చేతులతో పోవాకు, పండ్లు తీసుకపో."

లోకం తెలిసిన నేను ఉతికిన పంచె కట్టి, జరీ అంచు కండువా వేసి, అరటిపండ్ల అత్తం చేతపట్టుకుని బయలుదేరాను. చదివే మీకు ఈపాటికి ఏదో తట్టి ఉంటుంది. నాకు తట్టలేదు. పెళ్లికాని పిల్ల ఉన్న ఇంటికి, ముఖపరిచయం లేని ముసలాయన, జరీ కండువాతో, పండ్లతో, పొద్దున్నే వచ్చాడంటే మా పక్క కుక్కలు కూడా మొరగవు. ఎందుకొచ్చాడో వాటికి తెలుసు.

కోటయ్య గడపలో నిలబడి ఉన్నాడు. చూడటానికి కొంచెం కోపిష్టిగానే కనిపించాడు.

"ఎవురయ్యా మీరు? ఎవురు కావాల?"

"మార్కాపురం పక్క నుంచి వచ్చినా. మీ అమ్మాయి ఫార్మసీ చదివిందని విన్నా."

కోటయ్య నా కండువా చూశాడు, పండ్లు చూశాడు. ముఖంలో కోపం పోయి, దాని స్థానంలో నులక మంచం వచ్చింది. అంటే మంచం ఆయనే వాల్చాడు, దుప్పటి కూడా పరిచాడు. మంచినీళ్లు వచ్చాయి. వెనకే మజ్జిగ వచ్చింది. ఆ వెనకే కోటయ్య తల్లి వచ్చి నా ఎదురుగా గోడకానుకుని కూర్చుంది. ఆ అవ్వ చూపు పశువుల సంతలో కొనేవాడి చూపు. పళ్లు లెక్కపెట్టడమొక్కటే తక్కువ.

"మీ పక్క వానలెట్ల ఉండాయి?" అన్నాడు కోటయ్య.

"వానా? దాని మొగం చూసి ఎన్నాళ్లయిందో. కంది ఎత్తిపోయింది."

"మాకూ అంతే అయ్యా."

అవ్వ మాత్రం వానల కోసం ఆగలేదు. "పిల్లోడు ఏం చేస్తాడు?" అని అడిగింది.

'భలే! పని మాట నేనెత్తకుండానే యజమాని గురించి వాళ్లే అడుగుతున్నారు' అనుకున్నాను. నా ఎత్తుగడ నాకన్నా ముందే పరుగెత్తుతోంది.

"కాశయ్య అని, మా ఊళ్లో మందుల దుకాణం పెట్టినాడు అవ్వా. నా చేతుల్లో పెరిగినోడు. తాగుడు లేదు, పేకాట లేదు. నలుగురిలో గొంతు ఎత్తడు."

"మీకేమైతాడు?" అన్నాడు కోటయ్య.

"వరసకు కొడుకు."

"అట్లనా అన్నా!"

గమనించారా? ఇందాకటి దాకా నేను 'అయ్యా'. ఇప్పుడు 'అన్నా'. మా వైపు బస్సులో పక్కన కూర్చున్నవాడిని కూడా వరస పెట్టి పిలుస్తాం గనుక నేను పట్టించుకోలేదు. మంచి మర్యాదస్తుడు అనుకున్నాను, అంతే.

"పిల్ల చదువుకున్నది. పెద్ద ఆశ పెట్టుకున్నది. ఇంట్లో కూర్చోబెడతారేమోనని దాని బెంగ" అన్నాడు కోటయ్య.

"కూర్చోబెట్టేదానికా నేను ఇంత దూరం వచ్చినా? దుకాణమంతా ఆ పిల్ల చేతిలోనే. ఆమె వస్తేగాని కాశయ్య తాళం కూడా తీయడు."

అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుంది. కోటయ్య నా చేయి పట్టుకున్నాడు. "ఇట్ల చెప్పినోడు ఇంతవరకు రాలేదు బావా" అన్నాడు.

బావా! అయ్య నుంచి అన్నకు, అన్న నుంచి బావకు ప్రమోషన్లు పొలాల్లో ఎర్రచీమల్లా పాకి వస్తుంటే నేను మజ్జిగలో కరివేపాకు తీసి పారేస్తూ కూర్చున్నాను.

అంతలో పెరట్లో ఒక కోడి ఆఖరిసారిగా అరిచింది.

ఇక్కడ కొంచెం ఆగి ఒక ఆచారం చెప్పాలి. మా వైపు పిల్లను చూడ్డానికి వచ్చిన పెద్దలు ఆ ఇంట్లో భోజనం చేయరు. మంచినీళ్లు, మజ్జిగ సరే. అన్నానికి చేయి కడిగారా, పిల్ల నచ్చినట్టే, మాట ఇచ్చినట్టే. అందుకే కడుపు కాలినా 'ఇప్పుడే తిని వచ్చినాం' అని లేచిపోతారు. నేనే ఇలాంటి చోట్ల నుంచి ఆకలితో లేచి వచ్చినవాడిని. తెలియక చేయి కడగబోయినవాళ్ల చేయి పట్టి ఆపి, ఆచారం గురించి ఉపన్యాసాలు దంచినవాడిని. అయితే నేను వచ్చింది పిల్ల కోసం కాదు కదా, ఫార్మసిస్టు కోసం! ఫార్మసిస్టు ఇంట్లో తినకూడదని ఏ ఆచారంలో ఉంది?

కోటయ్య స్వయంగా చెంబు తెచ్చాడు. నా కళ్లలోకి చూసి, నెమ్మదిగా, ఒక్కో మాటా పేర్చుతూ అడిగాడు.

"చెయ్యి కడుక్కుంటావా బావా?"

"దానికేం భాగ్యం!" అని రెండు చేతులూ చాపాను.

అవ్వ వీధిలోకి పరుగెత్తింది. కోటయ్య జేబులోంచి ఫోను తీశాడు.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. అడక్కపోతే ఏమవుతుందో ఆ రోజు చూశాను. సంగటి ముద్ద, దాని నడినెత్తిన నెయ్యి గుంట, చుట్టూ నాటుకోడి పులుసు. పులుసు ఎర్రగా, ఘాటుగా, మా ప్రభుత్వం మీద నాకున్న కోపంలాగా ఉంది. తల వంచి యుద్ధం మొదలుపెట్టాను. ఎత్తి చూసేసరికి వసారా నిండా మనుషులు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు, ఎద్దులను ఎక్కడివక్కడ వదిలేసి వచ్చిన మగవాళ్లు. ఒక ఫార్మసిస్టు ఉద్యోగానికి ఊరు ఊరంతా కదిలి వస్తుందా, ఎంత చైతన్యం అని ముచ్చటపడ్డాను.

"పిల్లోడికి వయసెంత?" అవ్వ మళ్లీ తగులుకుంది.

"ముప్పై అయిదు దాటినాయి అవ్వా."

"రవ్వంత ముదురే. ఇన్నాళ్లు ఎందుకాగినాడు?"

"ఆగలేదు అవ్వా, శానా చోట్ల చూసినాం. మార్కాపురంలో వాకిలి వాకిలీ తిరిగినా. గిద్దలూరులో ఒకాయన కుదిరేటట్టే ఉండాడు గానీ..."

"ఒకాయనా?" అంది అవ్వ.

"అవును. మనిషి రాడంట, పటం పంపుతాడంట. గోడకి తగిలించుకోని కాపరం చేయమంటాడు. కుదరదని వచ్చేసినా."

అవ్వ నోటిమీద చేయి వేసుకుంది. ఆడవాళ్లలో ఎవరో "కలికాలం" అన్నారు. నాతోపాటు వాళ్లకూ పటాలవాళ్ల మీద కోపం వచ్చిందని సంతోషించి ఇంకో ముక్క నోట్లో వేసుకున్నాను.

కోటయ్య రెండోసారి వడ్డించడానికి గరిటె ఎత్తాడు. వడ్డించేవాడు మనవాడైతే ఏ బంతిలో కూర్చున్నా పరవాలేదంటారు గాని, వడ్డించేవాడు పిల్ల తండ్రి అయితే ఏ బంతిలో కూర్చున్నా గండమే.

"ఇంట్లో ఎవురెవురుంటారు బావా? పిల్లకి కొత్త ఊరు, సరిగ్గా చూసుకుంటారా?"

తండ్రి మనసు కదా. పూర్తి భరోసా ఇద్దామనుకున్నాను.

"నువ్వేం దిగులుపడాకు. కాశయ్య పెండ్లాం బంగారం. మీ అమ్మాయికి మధ్యానం అన్నం ఆ తల్లే వండిపెడతాది. ఇద్దరు పిల్లకాయలు, ముత్యాలే అనుకో. మీ పిల్లని అక్కా అక్కా అని ఒక్క గడియ వదిలిపెట్టరు."

గరిటె గాలిలోనే ఆగిపోయింది. అందులోని పులుసు నా జరీ కండువా మీదికి బొట్టు బొట్టుగా దిగుతోంది. ఇంత మంది ఉన్న వసారాలో ఆ బొట్ల చప్పుడు వినపడింది.

"పెండ్లాం ఉండాదా?" అన్నాడు కోటయ్య.

"ఉండాది. ఉండకుండా పిల్లకాయలు ఎట్ల పుడతారు?"

"పెండ్లాం ఉండంగా నా బిడ్డని అడగనొచ్చినావా?"

"పెండ్లాం ఉంటే ఏంది? దీనికి ఆమె ఏమీ అడ్డం చెప్పదు. ఆమే నన్ను పంపించింది!"

దైవసాక్షిగా నిజమే చెప్పాను. నిజానికి అంత వాడి ఉంటుందని నాకు ఆనాడే తెలిసింది.

"చెయ్యి కడిగినాడురా!" అని అవ్వ కేక పెట్టింది. "పెండ్లామున్నోడికి పిల్లనడగనొచ్చి, చెయ్యి కడిగి, తొడ ముక్క తిన్నాడురా!" అంటూ మూలనున్న రోకలి అందుకుంది. ఎవరో వాకిలి గడియ పెట్టారు. నేను లేవబోయాను. నులకలో కాలు ఇరుక్కుని, సంగటి చేత్తోనే కోటయ్య భుజం పట్టుకున్నాను. ఆయన తెల్లచొక్కా మీద నా అయిదు వేళ్లూ అచ్చుపడ్డాయి. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టకూడదంటారు. నేను లెక్కపెట్టలేదు, ఏ వాసం పట్టుకుంటే గోడ దూకొచ్చో చూసుకున్నాను.

అప్పుడు లోపలి నుంచి సుభాషిణి వచ్చింది. ఎవరి బలవంతం మీదో పట్టుచీర కట్టించుకున్నట్టుంది, దాని కుచ్చిళ్లు ఒక చేత్తో ఎత్తిపట్టుకుని మధ్యకు వచ్చింది.

"అవ్వా, రోకలి దించు. తాతా, నువ్వు కూర్చో. దేనికొచ్చినావో ఒక్క మాటలో చెప్పు."

"ఫార్మసిస్టు కోసం వచ్చినా తల్లీ!" ఏడుపు ఒక్కటే తక్కువ నాకు. "కాశయ్య దుకాణానికి ఫార్మసిస్టు కావాల. తాళం పడింది. శ్రావణం లోపల మనిషి దొరక్కపోతే మా ఊరికి జరం మాత్ర కూడా గతిలేదు."

ఆ పిల్ల నన్ను చూసింది, తండ్రి భుజం మీది అయిదు వేళ్లను చూసింది. పట్టుచీరతోనే గడపమీద కూలబడి నవ్వింది. పొట్ట పట్టుకుని నవ్వింది. వసారా అంతటికీ ఆ నవ్వు అంటుకుంది. అవ్వ చివరిదాకా ఆపుకుంది గాని, "అయితే గిద్దలూరాయన..." అని అనుమానం తీరక అడిగి, సంగతి విని, రోకలి ఒళ్లో పెట్టుకుని ఊగిపోయింది.

నవ్వనిది కోటయ్య ఒక్కడే. "మా అక్కకు ఫోను చేసినా. ఊరందరికీ చెప్పినా. ఇప్పుడేం చెప్పాల నేను?" అన్నాడు. ఆ ముఖం చూశాక నాకు తిన్నది అరగలేదు. ఆడపిల్ల తండ్రికి ఒక పూట ఆశపెట్టి లాక్కున్నవాడిని. రెండు చేతులూ జోడించాను, ఒకటి పులుసుది, ఒకటి మామూలుది.

"తప్పయింది కోటయ్యా. పని మాట చెప్తే నువ్వు పిల్లని పంపవనుకున్నా. అందుకని చుట్టూ తిప్పినా."

"పంపనని నీకు ఎవురు చెప్పినారు?" కోటయ్య నోరు తెరిచాడు. "ఇది ఇంట్లో ఉండలేక నా పానం తీస్తావుంది. దగ్గర్లో ఏ దుకాణమన్నా ఉంటే చూడమని నేనే పదిమందికి చెప్పి పెట్టినా!"

చూశారా నా లోకజ్ఞానం? తెరిచి ఉన్న తలుపుకు నేను తాళంచెవి తయారుచేస్తూ కూర్చున్నాను.

తీర్పు అవ్వ చెప్పింది. "మనింట్లో చెయ్యి కడిగినోడు ఉత్తినే పోకూడదు. ఏదో ఒకటి కుదరాల. పెండ్లి గాకపోతే పని. అడుగు, దాన్నే అడుగు." కోటయ్య భుజం తుడుచుకుంటూ తల ఊపాడు. పెదవి చివర కొంచెం నవ్వు కూడా కనిపించింది, లేదా నాకలా కనిపించాలని ఉండింది.

ఇంటికొచ్చేసరికి ఇంకో ప్రళయం. కోటయ్య అక్కను ఇచ్చింది మా పక్క ఊరికేనట. నా బస్సు కన్నా ఆమె ఫోను ముందొచ్చింది. కాశయ్య తన ఇంటి ముందే రోడ్డు మీద నిలబడి ఉన్నాడు, లోపలి నుంచి భార్య గడియ పెట్టేసింది.

"నాకు పెండ్లంట గదా పెదనాయనా? ఎవురితోనో నాకన్నా చెప్పు!" అన్నాడు. రంగమ్మ పోయి బతిమాలితే గాని ఆ గడియ తీయలేదు. దుకాణం తాళం తీయడం దానికన్నా తేలికైంది.

ఇప్పుడు సుభాషిణి రోజూ బస్సులో వచ్చి ఆ కుర్చీలో కూర్చుంటుంది. డాక్టరు చీటీ లేకుండా ఏదైనా అడిగితే నాకు కూడా ఇవ్వదు. కాగితంలో నేను చదివింది చెప్పబోతే, "చదువుకో తాతా, మింగబాకు" అంటుంది. కాశయ్య పిల్లలు నేను చెప్పినట్టే అక్కా అక్కా అని వదలరు. ఆ మాటా అబద్ధం కాలేదు.

ఇందుమూలంగా, నాకున్న అరకొర పళ్ల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఏ ఇంటికి పోయినా, గడప తొక్కకముందే వచ్చిన పని వీధికంతా వినపడేలా అరిచి చెబుతాను. చెప్పినదానికి రసీదులాంటి ఒక మాట తీసుకుని గాని మంచినీళ్లు ముట్టను. జరీ కండువా పెట్టెలోంచి తీయను. నా తెలివి పని చేయడం మొదలుపెట్టినట్టు అనుమానం వస్తే వెంటనే పడుకుంటాను.

ఆ రోజు అవ్వ తీర్పు ప్రకారం, చేతిమీద సంగటి ఎండిపోతుండగా, లేచి నిలబడి ఆ పిల్లనే అడిగాను. "అమ్మా సుభాషిణీ, మా ఊరి దుకాణానికి ఫార్మసిస్టుగా వస్తావా?" అని. ఇన్ని ఊళ్లు తిరిగితే చివరికి నాకు దొరికిన జవాబు ఇది:

"రేపట్నించే వస్తా తాతా. పొద్దున గడపలో ఈ మాటే అడిగుంటే అప్పుడే వస్తాననేదాన్ని, మా కోడన్నా బతికుండేది."